పరులపై నేరము మోపుట

నడక నేర్చుచున్న పసిబిడ్డ గడప తట్టుకొని బోరగిలబడును. మోకాలు దోకుకొనిపోవును. ఏడ్పు మొదలిడును. తల్లియో అమ్మమ్మయో పరుగెత్తి వచ్చి, బిడ్డను చంకనెత్తుకొని, అఱచేతితో ఆ గడపను రెండు దెబ్బలు కొట్టి, "చీ గడపా! మా నాన్నను పడేస్తావా?" అని గదమాయించును. బిడ్డ ఏడ్పు మాని, తడికన్నులతో ఆ శిక్షను చూచి సంతసించును. ఒక్కొక్కయెడ తానును చేయి చాచి ఒక దెబ్బ వేయును.

ఈ దృశ్యమును మన తెలుగునాట చూడనివారుండరు. దీనిని తప్పుపట్టుటకు నేను చెప్పుట లేదు. ఆ దెబ్బలలో ఎంత ప్రేమ యున్నదో నాకు దెలియును. ఐనను, శ్రోతలారా, నేడు నేను మీతో ముచ్చటింపదలచిన విషయమంతయు ఆ గడపయొద్దనే ఆరంభమగుచున్నది. పడినది నేనే. కాని నా నొప్పికి కారణము వేఱొకటి యుండవలెను. అది శిక్షింపబడినచో నా నొప్పి తగ్గును. ఈ తర్కమును మనము మాటలు రాకముందే నేర్చుకొనుచున్నాము.

మన పెద్దలు ఈ గుణమును కనిపెట్టకపోలేదు. ఆడలేనమ్మ మద్దెల ఓడన్నదనియు, గురివింద తన నలుపు తానెఱుగదనియు, అత్తమీది కోపము దుత్తమీద చూపినట్లనియు వారు చెప్పిన సామెతలు నేటికిని మన నాలుకలమీద నున్నవి. ఐతే సామెత నవ్వించి విడిచిపెట్టును. ఆడలేనమ్మ ఏల అట్లు పలికినది? ఆమె అబద్ధమాడుచున్నదా? నా అనుమానమేమనగా, ఆమె మద్దెల నిజముగనే పగిలినదని నమ్మియుండును. ఆమె చెవికి ఆ నాదము ఓటిగనే వినవచ్చియుండును. ఈ భేదము చిన్నది కాదు. అబద్ధమాడువాడు నిజమెఱుగును గనుక ఏదో యొకనాడు తడబడి దొరకిపోవును. తనకు తెలియకయే తన తప్పును పరులమీదికి త్రోయువానిని పట్టుకొనువాడెవడు? వానికి సాక్షి వాని మనస్సొక్కటే. ఆ సాక్షి ముందుగనే లంచము పుచ్చుకొని కూర్చున్నది.

ఊరక తత్త్వము చెప్పుటకంటె జరిగిన కథ నొకదానిని చెప్పుట మేలు. ఇది ఆస్ట్రియా దేశపు రాజధానియైన వియన్నా నగరములో, 1846, 1847 సంవత్సరములలో జరిగినది. ఆ నగరపు పెద్ద ఆసుపత్రిలో పురుడు పోయుటకు రెండు విభాగములుండెను. మొదటిదానిలో వైద్యులును వైద్యవిద్యార్థులును పని చేయుచుండిరి. రెండవదానిలో మంత్రసానులు శిక్షణ పొందుచుండిరి. గర్భిణులను ఒకనాడు దీనిలోను, మఱునాడు దానిలోను చేర్చుకొనెడివారు. భవనము లొక్కచోటివే, గాలి యొక్కటే, తిండి యొక్కటే. కాని 1846లో మొదటి విభాగమున చేరిన తల్లులలో నూటికి పదునొకండ్రు సూతికాజ్వరముచే మరణించిరి. రెండవదానిలో ముగ్గురైనను లేరు.

ఈ సంగతి లెక్కలు చూచిన వైద్యులకంటె ముందుగా నగరములోని పేదస్త్రీలకే తెలిసినది. మొదటి విభాగపు వంతు వచ్చిన దినమున చేర్చుకొనబడిన స్త్రీలు తమ్ము రెండవదానికి పంపుమని మోకరిల్లి వేడుకొనెడివారట. కొందఱు దారిలోనే ప్రసవించి, బిడ్డను కొంగున చుట్టుకొని వచ్చెడివారు. ఆశ్చర్యమేమనగా, వీథిలో ప్రసవించిన వారికి ఆ జ్వరము సామాన్యముగ వచ్చుటలేదు! పండితులైన వైద్యుల చేతులలోకంటె వీథిదుమ్ములో తల్లికి క్షేమమెక్కువగా నుండెనన్నమాట.

మఱి వైద్యులేమనిరి? మొదట గాలిలో ఏదో విషమున్నదనిరి. ఆ గాలి రెండవ విభాగములోనికి ఏల పోదని అడిగినవాడు లేడు. మరణశయ్యనున్నవారికి ప్రార్థన చెప్పుటకు వచ్చు మతగురువు ముందు గంట మ్రోగించుకొనుచు పోవుటచే స్త్రీలు భయపడి చచ్చుచున్నారని మఱియొకమాట పుట్టినది. ఆయనను చుట్టుత్రోవన, గంట లేక, రప్పించి చూచిరి. మరణములు తగ్గలేదు. పిదప విచారణసంఘ మొకటి కూర్చున్నది. ఆ సంఘమువారు తేల్చినదేమి? విద్యార్థులు స్త్రీలను మోటుగా పరీక్షించుచున్నారు. అందులోను పరదేశములనుండి వచ్చిన విద్యార్థులు మఱింత మోటువారు. వెంటనే విద్యార్థుల సంఖ్యను నలుబదిరెండునుండి ఇరువదికి తగ్గించిరి. తొలగింపబడినవారు దాదాపుగ పరదేశీయులే. కొన్నాళ్లు మరణములు తగ్గినట్లు తోచెను. 1847 ఏప్రిలు నెలలో అవి నూటికి పదునెనిమిదికి ఎక్కినవి.

విచారణకు కూర్చున్నవారు దుర్మార్గులు కారు. వారందఱు చదువుకొన్నవారు, నిజము కనుగొనవలెననియే కూర్చున్నవారు. ఐనను వారి వ్రేలు ఎటు తిరిగినదో చూడుడు: గాలివైపు, గంటవైపు, పరదేశివైపు. తమవైపు మాత్రము తిరుగలేదు.

ఆ విభాగములో సహాయకుడుగ నున్న హంగరీ దేశీయుడు ఇగ్నాజ్ సెమ్మెల్వైస్ అను యువవైద్యునికి ఈ సంగతి నిద్రపట్టనీయలేదు. 1847 మార్చినెలలో అతని మిత్రుడైన కొల్లెట్ష్కా యను ఆచార్యుడు ఒక శవపరీక్ష సమయమున విద్యార్థి చేతికత్తి వ్రేలికి గ్రుచ్చుకొని, జ్వరముతో మరణించెను. అతని శవమును పరీక్షించిన వృత్తాంతమును చదువుచుండగా సెమ్మెల్వైసునకు ఒడలు జలదరించినది. ఆ తల్లుల శరీరములలో కనబడు మార్పులే ఈ పురుషుని శరీరములోను కనబడినవి! అనగా ఇది స్త్రీలకు మాత్రమే వచ్చు జ్వరము కాదు. శవమునుండి కత్తితో వచ్చినది. మఱి తల్లులకు దేనితో వచ్చినది? వైద్యులును విద్యార్థులును ప్రతి ఉదయము శవపరీక్ష చేసి, చేతులు పైపైన కడుగుకొని, ఆ వాసన ఇంకను వదలకముందే పురిటిగదిలోనికి పోవుచుండిరి. మంత్రసానులు శవపరీక్షలు చేయరు. సూక్ష్మజీవుల సంగతి లోకమునకు నిశ్చయముగ తెలియుటకు ఇంకను ఎన్నో యేండ్లు పట్టవలసియుండెను. ఐనను అతడు దారి పట్టుకొనెను. గదివాకిట క్లోరినుకలిసిన నీటితొట్టి నుంచి, పిదప మనము నేడు నూతులలో చల్లు బ్లీచింగుపొడివంటి దానిని కలిపిన నీటినుంచి, చేతులు కడుగుకొననిదే ఎవ్వరును రోగిని ముట్టరాదని మే నెలలో కట్టడి చేసెను. జూన్, జూలై నెలలలో మరణములు నూటికి రెండు, ఒకటి చొప్పునకు దిగినవి.

ఇక్కడ కథ ముగియవలసినది. వైద్యలోకము చేతులు కడుగుకొనవలసినది. అట్లు జరుగలేదు. ఎందఱో ప్రసిద్ధాచార్యులు ఆ మాటను త్రోసిపుచ్చిరి. అమెరికాలో ఇట్టి మాటనే అంతకుముందే, 1843లో, హోమ్సు అను వైద్యుడు చెప్పగా, మెయిగ్సు అను పేరుమోసిన ప్రసూతి వైద్యుడు, వైద్యులు పెద్దమనుష్యులు గనుక వారి చేతులు శుభ్రములే యని బదులు చెప్పెను! ఈ వాదమును విని మనము నవ్వవచ్చును. నేనును మొదట నవ్వితిని. తరువాత నవ్వలేకపోయితిని. సెమ్మెల్వైసు మాటను ఒప్పుకొనుట యనగా ఏమో ఆలోచింపుడు. ఇరువదియేండ్లుగా ప్రసవములు చేయించిన వృద్ధవైద్యుడు ఆ మాటను ఒప్పుకొన్ననాడు, తాను రక్షింపబోయిన తల్లులను తానే చంపితినని ఒప్పుకొనవలెను. ఎందఱినో లెక్క తెలియదు. వారి ముఖములు మాత్రము గుర్తుండును.

జర్మనీలోని కీల్ నగరమున మికేలిస్ అను ఆచార్యుడు అట్లొప్పుకొనెను. తన ఆసుపత్రిలో చేతులు కడుగు నియమము పెట్టించెను. కాని అంతకుముందే తాను పరీక్షించిన తన బంధురాలొకతె ఆ జ్వరముతోనే మరణించియుండెను. ఆ మరణము తన చేతులనుండియే వచ్చినదను తలంపు ఆయనను విడువలేదు. 1848లో రైలుబండి క్రింద పడి ప్రాణము తీసికొనెను. తక్కినవా రేల ఒప్పుకొనలేదో ఈ యొక్క మరణము చెప్పుచున్నది. మంచివాడు గనుకనే మనుష్యుడు తన తప్పును చూడలేడు. నిర్దయునకు ఆ బాధ లేదు; వానికి నేరము మోపుటకు పరుడక్కఱ లేదు.

సెమ్మెల్వైసు సంగతియు చెప్పవలెను. ఎందఱు తల్లులు తనవలన అకాలమున మరణించిరో దేవునికే యెఱుకయని అతడు తన గ్రంథమున బహిరంగముగ వ్రాసికొనెను. అట్లు తన పేరు ముందు వ్రాసికొన్న తరువాతనే ఇతరుల పేర్లెత్తినాడు. కాని ఎత్తినప్పుడు మెత్తగా ఎత్తలేదు. తన మాట వినని ఆచార్యులను హంతకులని సంబోధించి బహిరంగలేఖలు వ్రాసెను. 1865లో, నలుబదియేడేండ్ల ప్రాయమున, ఒక పిచ్చాసుపత్రిలో మరణించెను.

ఇంతవఱకు తప్పును గుఱించి చెప్పితిని. భయము సంగతి వేఱు. తప్పునకు కర్త యొకడుండును. భయమునకు రూపమే లేదు. రూపములేని దానితో మనుష్యుడు బ్రదుకలేడు. చీకటిలో నిలిచియున్న మోడును దొంగయనుకొనుట కష్టమేకాని, ఏమియు కనబడని చీకటికంటె ఆ దొంగయే మేలు. వానిని కఱ్ఱతో కొట్టవచ్చును.

1347 మొదలు నాలుగైదేండ్లు ఐరోపాఖండమున మహామారి విజృంభించి, జనులలో మూడవవంతునో అంతకంటె నెక్కువగనో తుడిచిపెట్టినది. దానికి కారణమేమో ఆనా డెవ్వరికిని తెలియదు. ఎలుకలమీది గోమారుల సంగతిని ఎవరు తలపగలరు? ఆ వ్యాధిబీజమును యెర్సిన్ అను శాస్త్రజ్ఞుడు హాంకాంగులో కనుగొనినది 1894లో. గోమారుల మూలమున అది వ్యాపించునని సిమాన్ అను మఱియొకడు కరాచీలో నిరూపించినది 1898లో. ఆ నడుమనున్న అయిదువందలయేండ్ల చీకటి యొక ప్రక్క. రెండవప్రక్క యూదులు. వారు నూతులలో విషము కలుపుచున్నారను మాట పుట్టినది. చిత్రహింసలు పెట్టి ఒప్పుదలలు వ్రాయించిరి. ఆ ఒప్పుదలలను నగరమునుండి నగరమునకు పంపిరి. అప్పటి పోపు ఆఱవ క్లెమెంటు 1348లోనే శాసనము వెలువరించి, యూదులును ఈ తెగులుచే చచ్చుచున్నారు గదా, యూదులు లేని దేశములందును ఇది వచ్చుచున్నది గదా యని సామాన్యుని కర్థమగు యుక్తి చెప్పెను. విన్నవా రెందఱు? 1349 ఫిబ్రవరి 14వ తేదీన స్ట్రాస్‌బుర్గు నగరమున వందలకొలది యూదులను సజీవముగ దహించిరి. ఆ దినమునకు మహామారి ఆ నగరములో అడుగైనను పెట్టియుండలేదు! భయమే ముందుగా వచ్చినది. ఆ మంటలతోపాటు పౌరులు యూదులకు చెల్లింపవలసిన అప్పుపత్రములును రద్దయిపోయినవి. భయము ముందు నడచునప్పుడు లోభము దాని నీడవలె వెనుక నడచుట చరిత్రలో తఱచు కనబడును.

వ్యాధులకు పేర్లు పెట్టుటలోను ఈ గుణమే కలదు. పదునైదవ శతాబ్ది చివర ఐరోపాలో సుఖవ్యాధి యొకటి క్రొత్తగా వ్యాపించినప్పుడు, ఇటలీవారు దానిని ఫ్రెంచి రోగమనిరి. ఫ్రెంచివారు నేపుల్సు రోగమనిరి. రష్యనులు పోలండు రోగమనిరి. తురుష్కులు క్రైస్తవుల రోగమనిరి. మన దేశమున పదునాఱవ శతాబ్దమున వ్రాయబడిన భావప్రకాశమను వైద్యగ్రంథము దానిని ఫిరంగరోగ మన్నది. మన పల్లెలలోను పరంగిపుండ్లను మాట యుండెడిది. మనము మాత్రము కొంతవఱకు నిజమే చెప్పితిమేమో, ఓడలలో దిగినవా రెవరో చూచినవారము గనుక! ఐనను మొదటి ఓడ దిగిన తరువాత ఆ రోగమును ఊరూర త్రిప్పినవారు పరంగులు కారు.

ఇట్టి కథలు విన్నప్పుడు మనకొక నెమ్మది కలుగును: ఎంత మూఢులో ఆ దేశమువారు, ఎంత క్రూరులో ఆ కాలమువారు! ఈ నెమ్మదియు గడపను కొట్టు దెబ్బయే. చేతబడి, బాణామతి, చిల్లంగి యను మాటలు మన తెలుగుసీమలలో ఇంకను చావలేదు. బిడ్డకు జ్వరము తగ్గదు. గేదె ఈనుకొని చచ్చును. పొలములో పంట తెగులుపట్టును. ఊరిచివర ఒంటరిగ నున్న ముసలమ్మవైపో, నలుగురితో కలియని యొకానొక పురుషునివైపో చూపులు తిరుగును. మంత్రము పలుకకుండునట్లు పండ్లూడగొట్టిన ఉదంతములును, కట్టి కొట్టి చంపిన ఉదంతములును ఈ కాలపు వార్తాపత్రికలలోనే మనము చదువుచున్నాము. చదివి, పుట మఱలించుచున్నాము.

ఎవరిమీద మోపుదురను ప్రశ్నకు ఇంగ్లండు దేశచరిత్రను పరిశోధించిన చరిత్రకారులిద్దఱు విచిత్రమైన సమాధానము చెప్పియున్నారు. ఆలన్ మాక్‌ఫార్లేన్ 1970లోను, కీత్ థామస్ 1971లోను ప్రకటించిన గ్రంథములలో, పదునాఱు పదునేడవ శతాబ్దములనాటి మంత్రగత్తెల విచారణపత్రములను పరిశోధించిరి. వారి కచట తఱచుగ కనబడిన వరుస యిది: ఒక పేదరాలు పొరుగింటి వాకిటికి వచ్చి పాలో, పిండియో, పులిసిన యీస్టో అడుగును. ఇంటివారు లేదని పంపివేయుదురు. ఆమె గొణుగుకొనుచు వెడలిపోవును. కొలది దినములకు ఆ యింట ఏదో కీడు జరుగును. వెంటనే గృహస్థునకు ఆ ముసలిది జ్ఞప్తికి వచ్చును. ఏల ఆమెయే జ్ఞప్తికి రావలెను? ఏలయన, లేదని పంపివేసిన నాటినుండి ఆమె అతని మనస్సులో ముల్లువలె నాటుకొనియున్నది. తాను తప్పు చేసితినని అతని కెక్కడనో తెలియును. ఆమెకు తనపై కోపముండుట న్యాయమని తెలియును. ఆ తెలివియే తలక్రిందై, ఆమెయే నాకు కీడు చేసినదను నేరముగా మాఱుచున్నది. మనము ఎవరికి అన్యాయము చేసితిమో వారికే ఎక్కువగా భయపడుదుము. మజ్జిగకు వచ్చి రిక్తహస్తములతో మరలిన ముసలమ్మను తలచుకొన్నచో, మన యూళ్లలోని కథలును ఇంతకంటె వేఱుగా నుండవని నాకు తోచుచున్నది.

మనస్తత్త్వశాస్త్రజ్ఞులు దీనికి పేరు పెట్టిరి. తన లోపలిదానిని పరులయందు చూచుటను ఫ్రాయిడ్ ప్రక్షేపణమనెను. ఇతరుల తప్పునకు వారి స్వభావమును, మన తప్పునకు మన పరిస్థితులను కారణముగ చెప్పుకొను అలవాటును గుఱించియు 1970 తరువాత చాల పరిశోధనలు జరిగినవి. నేను ఆలస్యముగ వచ్చినచో బండి ఆలస్యమైనది. నీవు ఆలస్యముగ వచ్చినచో నీవు సోమరివి. పేరు తెలిసినంతమాత్రమున జబ్బు కుదురదు గనుక ఆ చర్చను ఇక్కడనే విడుచుచున్నాను.

ఒక్క హెచ్చరిక మాత్రము చేయకతప్పదు. నీ తప్పును పరులమీద మోపకుమను ఈ హితబోధను కొందఱు మిక్కిలి ఇష్టముగ వాడుకొందురు. పాలించువాడు పాలితునకు, భూస్వామి కూలివానికి, అత్త కోడలికి దీనిని బోధించుదురు. 1876, 77 సంవత్సరములలో మన మదరాసు రాజధాని జిల్లాలను ధాతకఱవు కాల్చివేసినప్పుడు, పనిచేయించుకొని కూలి యిచ్చు శిబిరములలో జనులు అవసరము లేకయే చేరుచున్నారని దొరతనమువారికి అనుమానము కలిగినది. సర్ రిచర్డు టెంపుల్ వచ్చి, మగవాని దినకూలిని ఒక పౌను ధాన్యమునకును కొద్ది చిల్లరకును తగ్గించివేసెను. మదరాసు ఆరోగ్యాధికారి కార్నిష్ ఆ తిండితో పనిచేయు మనుష్యుడు బ్రదుకలేడని ఎలుగెత్తి చెప్పెను. కూలివాడు ఆకలికి దొరతనమువారిని తప్పుపట్టియుండినచో అది గడపను కొట్టుట కాదు. తప్పు నిజముగ పరులదైనప్పుడు పరులదేయని చెప్పుట ధర్మము. ఏది యెవరిదో తెలిసికొనుటయే కష్టము. ఆ తూకము పట్టునప్పుడు మన వ్రేలు ఏ పళ్లెరముమీద ఆనియున్నదో మనకు కనబడదు.

మహాభారతమున స్త్రీపర్వములో ఈ సంగతిని పట్టి చూపు ఘట్టమొకటి కలదు. యుద్ధము ముగిసినది. నూర్వురు కొడుకులును చచ్చిరి. పాండవులు పెదతండ్రికి నమస్కరింప వచ్చిరి. ధృతరాష్ట్రుడు ధర్మరాజును కౌగిలించుకొని, భీముడేడి యని అడిగెను. ఆ అడిగిన తీరులోనే కృష్ణునకు విషయము తెలిసినది. భీముని ప్రక్కకు త్రోసి, ఇనుపవిగ్రహమును ముందుంచెను. ముసలివాడు దానిని కౌగిట నొక్కి పిండిచేసి, నోట నెత్తురు గ్రక్కుకొని, వెంటనే అయ్యో భీమాయని ఏడ్చెను. ఆ యేడ్పును కపటముగ నే నెన్నడును చదువలేదు. ఆ ఇనుపభీముడు దుర్యోధనుడు చేయించుకొన్నవాడట! కొడుకు పెంచుకొన్న పగయే తండ్రి కౌగిలికి అందినది. జూదము జరుగుచున్న నాడు, గెలిచినామా, గెలిచినామా యని ఆత్రముతో అడిగినవాడు ఈ ముసలివాడే. విదురుని మాట వినియుండినచో ఆ నూర్వురును బ్రదికియుండెడివారు. ఆ సంగతి అతని కెఱుకయే. ఎఱుక గనుకనే కౌగిలి అంత బిగువైనది. బిడ్డలు పోయిన దుఃఖమే ఐనచో ఇనుము నుగ్గుకాదు.

ఇంతవఱకు ఊరివారి కథలన్నియు చెప్పి నా సంగతి దాచుట ఈ విషయముపై మాటలాడువానికి తగదు. ముప్పదియేండ్లు దాటిన మాట. నేను దూరపుటూళ్లో ఉద్యోగములో నుంటిని. మా తల్లిగారు పల్లెలో మా అన్నగారి యొద్ద నుండిరి. ఒక సోమవారమునాడు మా వదినెగారు వ్రాసిన ఇన్‌లాండు ఉత్తరము వచ్చినది. అమ్మకు జ్వరమని వ్రాసెను. ఆ వారము మా కచ్చేరీలో లెక్కల తనిఖీ. ఆదివారము పోవచ్చునని అనుకొంటిని. శనివారము తంతి వచ్చినది. నేను చేరునప్పటికి వాకిట మంట వేసియున్నది.

పదునొకండవ దినమున, బంధువులందఱు కూర్చుండగా, నే నన్న మాట యిది: "జబ్బు ఇంత ముదిరిందని సరిగ్గా రాసి ఉంటే నేను రాకపోదునా?" మా వదినెగారు విస్తళ్లు వేయుచుండెను. బదులు చెప్పలేదు. ఆ మాట చుట్టములలో నిలిచిపోయినది. ఆ తరువాత తొమ్మిదేండ్లు నేను ఆ యింటికి మొక్కుబడిగా తప్ప పోలేదు. అడిగినవారికెల్ల, అమ్మకు కొంచెము నలతగా నున్నదని మాత్రమే ఆమె వ్రాసినదని చెప్పుచుంటిని. ఆ యక్షరములు నా కన్నులకు కట్టినట్లుండెడివి. కొంచెము నలతగా నున్నది. ప్రమాణము చేయుమన్నను చేసియుందును.

ఇల్లు మాఱునప్పుడు పాత ట్రంకుపెట్టె అడుగున ఆ యుత్తరము దొరకినది. అందులో నలతయను మాటయే లేదు. "అత్తయ్యగారికి మూడు రోజులుగా జ్వరము తగ్గలేదు. అన్నము ముట్టుట లేదు. నిన్నే కలవరించుచున్నారు. వెంటనే బయలుదేరి రావలెను" అని యున్నది. వెంటనేయను మాటక్రింద రెండు గీతలు గీసియున్నవి.

నే నబద్ధమాడలేదు, శ్రోతలారా. ఆ తొమ్మిదేండ్లును నేను చెప్పినది నిజమని నమ్మియే చెప్పితిని. ఉత్తరమును చదివిన నా కన్నులే, నాకు తెలియకుండ, దానిని మఱల వ్రాసిపెట్టినవి.

ఆ వారమే పల్లెకు పోయితిని. అన్నగారు పొలములో నుండిరి. ఉత్తరమును వదినెగారి చేతిలో పెట్టి, నేనేమి చెప్పితినో నాకిప్పుడు స్మృతికి లేదు. ఆమె కళ్లజోడు తెచ్చుకొని మొదటినుండి చివరివఱకు చదివెను. చదివి అరుగుమీద చతికిలబడెను.

"దీన్ని దాచావా, నాయనా?" అనెను. కొంతసేపటికి మఱల తానే, "నువ్వు ఆ మాట అన్నాక నాకూ అనుమానమే పట్టుకుంది. సరిగ్గా రాశానో లేదో అని. రాత్రిళ్లు లేచి కూర్చుని, ఏం రాశానా అని గుర్తుకు తెచ్చుకునేదాన్ని. వెంటనే రమ్మని రాసినట్టే ఉండేది. కాని నువ్వు చదువుకున్నవాడివి, నువ్వే లేదన్నావు కదా, నేనే రాయలేదేమో అనుకున్నాను. మీ అన్నయ్యతో కూడా అనలేదు" అనెను.

ఆమె ఆ యుత్తరమును మడతలమీద మడచి నాకు తిరిగి యీయలేదు. లోపలికి తీసికొనిపోయి దేవునిగూటిలో, మా అమ్మ కుంకుమభరిణె క్రింద పెట్టెను. తరువాత వాకిటికి వచ్చి, ఎండనపడి వచ్చితిని గనుక కాళ్లు కడుగుకొనుమని చెంబుతో నీళ్లందించెను.